విమానం ఎక్కే ముందు మైనస్ విప్పండి

కొత్త కారు షోరూమ్ గడప దాటే రోజు చాలా తతంగం జరుగుతుంది. బండికి దండ వేస్తారు, కొబ్బరికాయ కొట్టిస్తారు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టిస్తారు, కుటుంబమంతటినీ నిలబెట్టి ఫొటో తీస్తారు. ఫోన్‌ను తెరకు ఎలా కలపాలో, వెనక కెమెరా ఎలా చూడాలో ఓపిగ్గా చెబుతారు. బానెట్ మాత్రం ఎత్తరు. ఎత్తినా వైపర్ నీళ్ల డబ్బా చూపించి దించేస్తారు. ‘ఇదిగో బ్యాటరీ, పదిహేను రోజులు దాటి బండిని నిలబెట్టాల్సి వస్తే మైనస్‌కు తగిలించిన ఈ నల్ల తీగను ఇలా విప్పండి’ అని కొన్నవాళ్లకు చూపించిన షోరూమ్ మనిషి నాకింతవరకు తగల్లేదు. డెల్టా ఊళ్లలో ఆయుష్షు తీరకుండానే పోతున్న కారు బ్యాటరీల్లో చాలావాటికి కారణం ఆ ఒక్క మాట చెప్పేవాళ్లు లేకపోవడమే. ఇది నా వాదన.

నేను పామర్రులో ఆటో ఎలక్ట్రీషియన్ని. విజయవాడ నుంచి బందరు వెళ్లే 65వ నంబర్ జాతీయ రహదారి మా ఊరి మీదుగా పోతుంది. గుడివాడ, భీమవరం మీదుగా పాలకొల్లు వైపు వెళ్లే 165వ నంబర్ రహదారి మా దగ్గరే మొదలవుతుంది. కూచిపూడి, నిమ్మకూరు, ఉయ్యూరు, గుడివాడ ఏ వైపు వెళ్లినా పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడ్డ ఇళ్లు కనిపిస్తాయి. ఆ ఇళ్ల పోర్టికోల్లో కవర్ కప్పిన కార్లు కనిపిస్తాయి. అబ్బాయి డిసెంబరులో వస్తాడు, సంక్రాంతి దాకా తిరుగుతాడు, కనుమ వెళ్లాక తాళాలు నాన్నగారి చేతికిచ్చి విమానం ఎక్కుతాడు. నాన్నగారికి డ్రైవింగ్ రాదు, లేదా కంటి ఆపరేషన్ అయ్యాక మానేశారు. బండి మళ్లీ కదిలేది ఏ పెళ్లికో, ఆస్పత్రికి వెళ్లాల్సిన అర్ధరాత్రికో. కదలాల్సిన ఆ వేళకే అది కదలదు.

అప్పుడు నాకు ఫోన్ వస్తుంది. “నాయనా, మా పెద్దోడి బండి ఉలకదు పలకదు, సెల్ఫ్ కొడితే టక్ టక్‌మంటోంది, ఒకసారి వచ్చి చూడవా” అని ఒక పెద్దావిడ అడుగుతారు. చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. బ్యాటరీ దిగిపోయి ఉంటుంది. ఒక్కోసారి ఛార్జింగ్ పెడితే లేస్తుంది, చాలాసార్లు లేవదు. లేవకపోతే చిన్న కారుకైనా నాలుగైదు వేల ఖర్చు, పెద్ద డీజిల్ బండికి దానికి రెట్టింపు. ఆ డబ్బులో నా కూలీ, నా కమీషన్ కూడా ఉంటాయి. అంటే నేనిక్కడ చెబుతున్నది నా గల్లాపెట్టెకు నష్టం తెచ్చే మాటే. అయినా చెప్పాలి. రెండేళ్లు కూడా వాడని బ్యాటరీని పాత సామాన్లలోకి నెట్టడం చూస్తుంటే, వచ్చిన లాభం కూడా మనసుకు ఎక్కదు.

‘బండి ఆపేశాం కదా, తాళం తీసేశాం కదా, బ్యాటరీ ఎలా దిగుతుంది’ అని అందరూ అడుగుతారు. ఇప్పటి కారు పూర్తిగా నిద్రపోదు. తాళం రిమోట్ ఎప్పుడు పిలుస్తుందా అని ఒక పరికరం వింటూ ఉంటుంది. దొంగల అలారం కాపలా కాస్తుంది. గడియారం నడుస్తుంది. ఇంజిన్ కంప్యూటర్ తన లెక్కల్ని గుర్తుపెట్టుకుంటుంది. వీటన్నింటికీ కలిపి 20 నుంచి 50 మిల్లీ యాంపియర్ల కరెంటు నిరంతరం పోతూనే ఉంటుంది. ఇది బండి లోపం కాదు, తయారీలోనే ఉన్న ఖర్చు.

లెక్క వేసి చూడండి. 50 మిల్లీ యాంపియర్లు 24 గంటలు పోతే రోజుకు 1.2 యాంపియర్ అవర్లు. మన చిన్న కార్లలో చాలావాటికి ఉండే బ్యాటరీ 35 యాంపియర్ అవర్లది. 15 రోజుల్లో 18 పోయాయంటే సగం ఖాళీ. నెల తిరిగేసరికి అడుగంటుతుంది. మంచి బండి, తక్కువ వాడకం, 20 మిల్లీ యాంపియర్లే అనుకున్నా రెండు నెలలు దాటేసరికి అదే గతి. దీనికి తోడు ఈ మధ్య అబ్బాయిలు బయట బిగించుకునే సరంజామా ఉంది. జీపీఎస్ ట్రాకర్, ముందు అద్దానికి కెమెరా, స్టీరింగ్ కింద పోర్టుకు తగిలించే డబ్బీ. బండి ఎక్కడుందో డల్లాస్‌లో కూర్చుని ఫోన్‌లో చూసుకోవచ్చని పెట్టిన ట్రాకరే ఆ బండిని పోర్టికోలోంచి కదలకుండా చేస్తుంది.

బ్యాటరీ ఒక్కసారి దిగితే మళ్లీ ఎక్కించుకోవచ్చు కదా అంటే, ఎంతకాలం దిగి ఉందన్నదే అసలు సంగతి. కారు బ్యాటరీ లోపల సీసపు పలకలు, వాటి చుట్టూ నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉంటాయి. ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే 1859లో తయారుచేసిన కిటుకే ఇప్పటికీ ఇది. కరెంటు వాడుకునే కొద్దీ పలకల మీద సీసం సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే ఛార్జింగ్ ఇస్తే కరిగిపోతుంది. వారాల తరబడి అలాగే వదిలేస్తే గట్టి పలుకుల్లా మారి ఇక కరగదు. ఆ మేరకు పలక పనికిరాకుండా పోతుంది. నిండా ఛార్జ్ ఉన్న బ్యాటరీ మీటరులో 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2 అంటే సగం. 12 కిందికి వెళ్లిన బ్యాటరీని నెలల తరబడి మరిచిపోతే, అది మళ్లీ పాత బలం తెచ్చుకోవడం కల్ల.

మన ఎండలు దీనికి ఆజ్యం పోస్తాయి. ఏమీ కలపకుండా పక్కన పెట్టిన బ్యాటరీ కూడా తనంతట తాను కొంత దిగుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ దిగుడు దాదాపు రెట్టింపవుతుందని మా రంగంలో మోటు లెక్క ఒకటుంది. కృష్ణా డెల్టాలో మే నెల, రేకుల షెడ్డు, దాని కింద కవర్ కప్పిన కారు. ఆ బానెట్ కింద వేడి ఎంతుంటుందో వేరే చెప్పక్కర్లేదు. సంక్రాంతికి ఆపిన బండి రోహిణి కార్తె దాటేసరికి చచ్చి ఉంటే ఆశ్చర్యం ఏముంది?

దీనికి మన ఇళ్లలో ఒక విరుగుడు బాగా అలవాటైంది. వారానికోసారి పక్కింటి కుర్రాణ్ని పిలిచి ఐదు నిమిషాలు స్టార్ట్ చేయించడం. చేయకపోవడం కన్నా మేలేమో గానీ, అనుకున్నంత మేలు కాదు. స్టార్ట్ కావడానికి సెల్ఫ్ మోటారు ఒక్కసారిగా వంద యాంపియర్లకు పైగా లాగుతుంది. నిలబడ్డ చోటే ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంటే ఆల్టర్నేటర్ ఇచ్చేది తక్కువ. ఆ ఐదు నిమిషాల్లో కుర్రాడు ఏసీ వేసి పాటలు పెడితే బ్యాటరీకి మిగిలేది ఇంకా తక్కువ. సెల్ఫ్‌కు పోయినది తిరిగొస్తుందేమో గానీ వారమంతా కారిపోయినది తిరిగిరాదు. పైగా ఇంజిన్ పూర్తిగా వేడెక్కకుండా ఆపేస్తే సైలెన్సర్‌లో చెమ్మ నిలిచి తుప్పు పడుతుంది. నడపగలిగినవాళ్లు ఉంటే వారం పది రోజులకోసారి అరగంటకు తగ్గకుండా రోడ్డు మీద తిప్పించండి. ఉయ్యూరు దాకా పోయి వస్తే సరిపోతుంది. అలాంటివాళ్లు లేకపోతే ఉత్తుత్తి స్టార్టింగులు మానేసి మైనస్ విప్పేయండి.

ఈ పాఠం మనకు 2020లోనే వంటబట్టాల్సింది. మార్చి 25న లాక్‌డౌన్ మొదలై రెండు నెలలు ఊరంతా ఇంట్లో కూర్చుంది. సడలింపులు ఇచ్చాక బయటికి తీసిన కార్లు ఒక్కసారిగా మొరాయించాయి. ఆ వేసవంతా మా పని అదే, ఛార్జర్ మోసుకుని ఇంటింటికీ తిరగడం. అప్పుడైనా కంపెనీలు, షోరూములు ఈ చిన్న పనిని జనానికి నేర్పి ఉండాల్సింది. నేర్పలేదు.

పని చిన్నదే. కానీ వరస తప్పితే ప్రమాదం ఉంది. అందుకే వివరంగా చెబుతాను.

ముందు ఆ వరస ఎందుకో తెలియాలి. కారు ఇనుప శరీరమంతా బ్యాటరీ మైనస్‌కు కలిసి ఉంటుంది. మా భాషలో దాన్నే బాడీ ఎర్త్ అంటాం. మైనస్ తగిలి ఉండగా ప్లస్ నట్టు విప్పడానికి పానా పెట్టారనుకోండి, ఆ పానా రెండో కొస ఎక్కడైనా బాడీకి తాకితే బ్యాటరీ బలమంతా పానా గుండా ఒక్క క్షణంలో పారుతుంది. నిప్పులు చిమ్ముతాయి, పానా ఎర్రగా కాలుతుంది, బ్యాటరీ పగిలినా పగలొచ్చు. అదే మైనస్‌ను ముందు విప్పితే, పానా బాడీకి తాకినా ఏమీ కాదు, రెండూ ఒకటే కాబట్టి. మైనస్ ఊడాక ప్లస్ దగ్గర పానా బాడీకి తగిలినా కరెంటుకు తిరిగి వెళ్లే దారి ఉండదు. కాబట్టి సూత్రం ఇదీ: విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. వెనకటి ఇంగ్లీషు బండ్లలో కొన్నింటికి ప్లస్‌నే బాడీకి కలిపేవాళ్లు. అలాంటి పాత బండి ఎవరి షెడ్డులోనైనా ఉంటే, బాడీకి కలిసిన తీగ ఏదో చూసి దాన్ని ముందు విప్పాలి.

ఇక చేసే విధానం. బండిని చివరగా నిలబెట్టేముందు ఒక గంటసేపు నడిపి రండి, లేదా ఛార్జర్‌తో నిండా ఎక్కించండి. సగం దిగిన బ్యాటరీని విప్పి పెడితే సగం దిగినదే మిగులుతుంది. ఇంజిన్ ఆపి, లైట్లు, ఏసీ, పాటలు అన్నీ కట్టేసి, తాళం చెవి బయటికి తీసి జేబులో పెట్టుకోండి. బటన్ స్టార్ట్ బండైతే రిమోట్‌ను బండికి దూరంగా ఇంట్లో పెట్టండి. అద్దాలు పూర్తిగా ఎక్కించి ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోవాలి, విప్పాక అవి కదలవు. పదిహేను నిమిషాలు ఆగండి. లోపలి కంప్యూటర్లు ఒక్కొక్కటిగా సద్దుమణగడానికి ఆ సమయం కావాలి. పొగ శుద్ధి కోసం యాడ్‌బ్లూ అనే ద్రవం పోసే డీజిల్ బండ్లలో ఇంజిన్ ఆపాక కూడా ఒక పంపు కాసేపు పనిచేస్తుంది, దాన్ని మధ్యలో తెంపకూడదు.

చేతికి ఉంగరాలు, కడియం, గొలుసు గడియారం ఉంటే తీసేయండి. ఇది చాదస్తం కాదు. ప్లస్‌కూ బాడీకీ మధ్య ఉంగరం అడ్డం పడితే వేలికి అతుక్కున్నట్టే కాలుతుంది. మెడలో గొలుసు వేలాడుతుంటే లోపలికి వేసుకోండి. నోట్లో బీడీ, సిగరెట్టు ఉండకూడదు. ఛార్జింగ్ అయ్యేటప్పుడు బ్యాటరీ లోంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, చిన్న రవ్వ చాలు అంటుకోవడానికి.

బ్యాటరీ మీద ప్లస్, మైనస్ గుర్తులు చెక్కి ఉంటాయి. ప్లస్‌కు ఎర్ర మూత, మైనస్‌కు నల్ల తీగ ఉండటం మామూలే. కానీ రంగును కాదు, గుర్తును నమ్మండి. బయట తీగలు మార్పించిన బండ్లలో రెండూ ఒకే రంగులో ఉండటం నేను చాలాచోట్ల చూశాను. మైనస్ తీగ కొసన బ్యాటరీ పోల్‌ను పట్టుకుని ఉండే క్లాంపు నట్టుకు చాలా కార్లలో పది నంబర్ పానా సరిపోతుంది. నట్టును పూర్తిగా ఊడదీయనక్కర్లేదు, వదులు చేస్తే చాలు. క్లాంపును చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగండి. రాకపోతే సుత్తితో కొట్టకండి, పోల్ మొదట్లో పగిలి యాసిడ్ కారుతుంది. తెల్లగా, పచ్చగా పాచి పట్టి బిగుసుకుపోతే వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లు కొంచెం పోసి, పాత బ్రష్షుతో రుద్దితే వదులుతుంది. యాసిడ్ చేతికి తగిలితే ఆలస్యం చేయకుండా ధారగా నీళ్లతో కడగాలి. కంట్లో పడితే కడుగుతూనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఊడిన తీగ స్ప్రింగులా వెనక్కి వచ్చి మళ్లీ పోల్‌ను తాకొచ్చు. దాని కొసకు పాత సైకిల్ ట్యూబు ముక్క తొడిగి పక్కకు వంచి పెట్టండి. అంతే, పని అయిపోయింది. ప్లస్‌ను తాకనే అక్కర్లేదు. బ్యాటరీని మొత్తం బయటికి తీసి ఛార్జింగ్‌కు పంపాలంటేనే ప్లస్ విప్పాలి. అప్పుడు మాత్రం మైనస్ తర్వాతే. చిన్న కారు బ్యాటరీ బరువే పది కిలోల దాకా ఉంటుంది కాబట్టి వంచకుండా నిటారుగా మోయాలి. సిమెంటు నేల మీద పెడితే దిగిపోతుందని చెక్క కోసం వెతుకుతారు కొందరు. గట్టి రబ్బరు డబ్బాల రోజుల నాటి మాట అది. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాకు ఏ నేలైనా ఒకటే.

మళ్లీ బిగించేటప్పుడు బండిలో ఏ స్విచ్చూ వేసి ఉండకూడదు. మైనస్ తగిలించే క్షణంలో చిన్న రవ్వ రావడం మామూలే. పెద్దగా మెరిస్తే మాత్రం ఆగండి, ఏదో ఒకటి ఆన్‌లో ఉన్నట్టు, లేదా ఎక్కడో తీగ తేలినట్టు.

దీన్ని చెప్పగానే వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది, ‘కంప్యూటర్ పాడవుతుందట కదా’ అన్నది. ఇంజిన్ ఆపి, తాళం తీసి, వరసగా విప్పితే మామూలు పెట్రోల్, డీజిల్ కారు కంప్యూటర్‌కు ఏమీ కాదు. గడియారం సున్నాకు వస్తుంది, రేడియో స్టేషన్లు మరిచిపోతుంది. కొన్ని బండ్లలో పాటల పెట్టె రహస్య నంబరు అడుగుతుంది, అది పుస్తకంలోనో కార్డు మీదో రాసి ఉంటుంది, ముందే చూసిపెట్టుకోవాలి. ఒక్క నొక్కుతో ఎక్కే అద్దానికి మళ్లీ పైకీ కిందికీ పూర్తిగా తిప్పి నేర్పాలి. ఇంజిన్ మొదటి కొన్ని నిమిషాలు కాస్త తడబడొచ్చు, నడిపితే సర్దుకుంటుంది. డాష్‌బోర్డులో ఏదో దీపం వెలిగి కాసేపటికి ఆరిపోతుంది. ఆరకపోతేనే చూపించుకోవాలి.

రెండోది, ‘తాళం పడదు కదా, దొంగలు వస్తే’ అన్నది. విప్పాక రిమోట్ పనిచేయదన్న మాట నిజమే. కానీ రిమోట్ లోపల దాచి ఉంచిన చిన్న తాళం చెవి ఒకటుంటుంది. దాంతో డ్రైవర్ వైపు తలుపు వేయొచ్చు, తీయొచ్చు. అది ఎలా బయటికి వస్తుందో ముందే నేర్చుకోండి. బ్యాటరీ డిక్కీలో ఉండే ఖరీదైన బండ్లలో మాత్రం విప్పి డిక్కీ మూసేస్తే మళ్లీ తెరవడం తలనొప్పి. అక్కడ ఛార్జర్ పెట్టి ఉంచడమే నయం.

మూడో అభ్యంతరానికి మాత్రం నేను ఒప్పుకుంటాను. అన్ని బండ్లూ ఒకటి కావు. సిగ్నల్ దగ్గర ఆగితే తనంతట ఆగిపోయే ఇంజిన్ ఉన్న బండ్లలో మైనస్ క్లాంపు మీద ఒక చిన్న నల్ల డబ్బీ, దానికి సన్న తీగ ఉంటాయి. బ్యాటరీ బలాన్ని కొలిచే సెన్సర్ అది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే విరుగుతుంది. హైబ్రిడ్లు, ఎలక్ట్రిక్ కార్లలోనూ 12 వోల్టుల బ్యాటరీ ఒకటి విడిగా ఉంటుంది. కానీ వాటి జోలికి పుస్తకం చదవకుండా వెళ్లొద్దు. నారింజ రంగు తీగ ఎక్కడ కనిపించినా చేయి పెట్టొద్దు, అందులో పారేది ప్రాణం తీసే వోల్టేజి. ఎయిర్‌బ్యాగుల పక్కన పని ఉంటే విప్పాక కూడా కాసేపు ఆగాలి, వాటిలో కొంత కరెంటు నిలవ ఉంటుంది. ఇన్ని మినహాయింపులు ఉన్నాయి కాబట్టే షోరూమ్‌లో ఆ బండి దగ్గరే, ఆ బండికి తగ్గట్టు చూపించాలని అడుగుతున్నాను.

మా వృత్తివాళ్లకూ ఒక మాట చెప్పాలి. నేను విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్న రోజుల్లో అంబాసిడర్లు, జీపులే ఎక్కువ. ఇంజిన్ నడుస్తుండగా మైనస్ ఊడబెరికి చూసేవాళ్లం. ఇంజిన్ ఆగకపోతే డైనమో బాగున్నట్టు. కంప్యూటర్ లేని బండిలో అది చెల్లింది. ఈనాటి కారులో నడుస్తున్న ఇంజిన్ మీద బ్యాటరీ తీసేస్తే ఆల్టర్నేటర్ వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి కంప్యూటర్‌ను కాల్చేస్తుంది. ఇప్పటికీ రోడ్డు పక్కన కొందరు ఈ పరీక్ష చేస్తూనే ఉన్నారు. మీ బండికి ఎవరైనా అలా చేయబోతే చేయి పట్టుకుని ఆపండి. పాతిక వేల కంప్యూటర్ కన్నా మొహమాటం ఎక్కువ కాదు. మీటరు పెట్టి చూస్తే చాలు, ఇంజిన్ నడుస్తుండగా పద్నాలుగు వోల్టులకు అటూ ఇటూగా ఉంటే ఆల్టర్నేటర్ బాగున్నట్టే.

మైనస్ విప్పడం బ్యాటరీని కాపాడటానికి మాత్రమే కాదు, మన ప్రాంతంలో దానికి ఇంకో రెండు ఉపయోగాలున్నాయి. వరి కోతలయ్యాక పొలంలో తిండి దొరకని ఎలుకలు ఇళ్లలోకి వస్తాయి. కదలని కారు బానెట్ వాటికి పురిటిల్లు. తీగల మీది ప్లాస్టిక్ కొరికేస్తాయి. మైనస్ తగిలి ఉన్న బండిలో ఆ తీగ బాడీకి తాకితే షార్ట్ అయి మంటలు లేవొచ్చు. మైనస్ విప్పిన బండిలో మిగిలేది తీగ ఖర్చు మాత్రమే.

రెండోది వరద. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు సెల్లార్లలో, వీధుల్లో ఉన్న కార్లు బానెట్ల దాకా నీళ్లలో నానాయి. నీళ్లు తీశాక చాలామంది చేసిన మొదటి పని, లేస్తుందేమోనని తాళం తిప్పి చూడటం. ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే ఆ తిప్పుడుతో కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. తడిసిన కంప్యూటర్లలోకి కరెంటు వెళ్లి బాగుపడాల్సినవి కూడా మాడిపోతాయి. ఇంజిన్‌కు విడిగా రక్షణ తీసుకోకపోతే ఆ నష్టాన్ని బీమా కూడా సాధారణంగా భరించదు. నీళ్లు పూర్తిగా తగ్గాక తాళం ముట్టుకోకుండా మైనస్ విప్పి, బండిని లాగించుకుని వెళ్లాలి. తుఫాను హెచ్చరిక వచ్చి, బండిని మెరకకు చేర్చే వీలు లేకపోతే ముందే విప్పడం ఇంకా మేలు. ఏటా ఏదో ఒక తుఫాను చూసే డెల్టాలో ఈ మాట ఇంటింటికీ తెలిసి ఉండొద్దా?

పోయిన బ్యాటరీ ఎక్కడికి పోతుందన్నది కూడా మనం పట్టించుకోవాల్సిన సంగతే. దాని బరువులో సగానికి పైగా సీసం. తిరుపతి దగ్గర 1985లో మొదలైన అమర రాజా లాంటి పెద్ద పరిశ్రమ మన రాష్ట్రంలోనే ఉంది. పాత బ్యాటరీల్లోని సీసాన్ని కరిగించి కొత్తవి చేసుకోవచ్చు. పద్ధతిగా చేస్తే ఇంత బాగా తిరిగి వాడుకోగల వస్తువు మరొకటి అరుదు. పద్ధతి లేకుండా చేస్తే విషం. ఇనప సామాన్లవాడు గొడ్డలితో పగలగొట్టి, యాసిడ్ కాలవలో పారబోసి, పలకల్ని పెరట్లో కరిగిస్తే ఆ సీసం పిల్లల రక్తంలోకి చేరుతుంది. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం మోతాదు మించి ఉందని, దానికి పాత బ్యాటరీలను ఇలా కరిగించడం ఒక ముఖ్య కారణమని యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో నివేదిక ఇచ్చాయి. పాత బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదేనని మన దేశంలో 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి పాత దాన్ని వంద రూపాయలు ఎక్కువ వస్తాయని సైకిల్ మీద వచ్చేవాడికి వేయకండి. కొత్తది కొన్న దుకాణంలోనే ఇచ్చి బిల్లులో తగ్గించుకోండి. అంతకన్నా మంచిది, ఆయుష్షు తీరేదాకా దాన్ని చంపకుండా ఉండటం. మైనస్ విప్పి ఆ రెండేళ్లను నాలుగేళ్లు చేసుకుంటే కొత్త బ్యాటరీ ఒకటి తయారు కావలసిన పనే ఉండదు.

నేను అడిగేది పెద్ద సంస్కరణేమీ కాదు. షోరూములు బండి అప్పగించే రోజు బానెట్ ఎత్తి, కొన్నవాళ్ల చేతే ఒకసారి మైనస్ విప్పించి, బిగింపించాలి. పది నిమిషాల పని. లక్షలు పోసి కొన్న బండితో పాటు ఒక పది నంబర్ పానా ఇవ్వలేరా? కంపెనీలు బండితో వచ్చే పుస్తకంలో కనీసం ఈ రెండు పేజీలైనా తెలుగులో అచ్చు వేయాలి. నా చేతికి వచ్చిన పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి, చదవాల్సిన నాన్నగారు తెలుగు పేపరు చదివే మనిషి. డ్రైవింగ్ స్కూళ్లు ఎనిమిది అంకె వేయడం నేర్పే మైదానంలోనే బ్యాటరీ విప్పడం, టైరు మార్చడం కూడా నేర్పాలి. ఇంట్లో ఆడవాళ్లకు ముందుగా నేర్పాలంటాను నేను. పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లలో తాళాలు చివరికి మిగిలేది అమ్మ చేతిలోనే. గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ మార్చగలిగిన చేతికి ఈ క్లాంపు ఒక లెక్క కాదు.

ఇక ఊరికి వచ్చి వెళ్లే పిల్లలకు. పదిహేను రోజుల లోపు నిలబెట్టే బండిని ముట్టుకోకండి, ఏమీ కాదు. అంతకు మించితే మైనస్ విప్పండి. విప్పినా మూడు నెలలకోసారి బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టించమని ఇంట్లో చెప్పండి, ఎందుకంటే విప్పినది కూడా మెల్లగా దిగుతుంది. చదునైన చోట గేరులో పెట్టి, చక్రాలకు రాళ్లు అడ్డం వేసి, హ్యాండ్ బ్రేకు వదిలేయండి, లేకపోతే బ్రేకులు పట్టేసుకుంటాయి. టైర్లలో గాలి నిండా పెట్టించండి. ‘బ్యాటరీ మైనస్ విప్పి ఉంది’ అని కాగితం మీద రాసి స్టీరింగ్‌కు కట్టండి, మీ తర్వాత వచ్చేవాడు బండి పాడైందని కంగారుపడకుండా. తాళాల గుత్తికి పది నంబర్ పానా ఒకటి తగిలించండి. వెళ్లే ముందు రోజు అమ్మానాన్నలను పోర్టికోలోకి పిలిచి, మీరు పక్కన నిలబడి, వాళ్ల చేతే ఒకసారి విప్పించి బిగింపించండి. అప్పుడు ఆస్పత్రికి వెళ్లాల్సిన రాత్రి నా ఫోన్ కోసం, నా రాక కోసం వాళ్లు ఎదురుచూడాల్సిన అవసరం రాదు.